వాచీకి నీటి పరీక్ష ఇంట్లో చేస్తున్నారా? ముందు ఆ గొట్టాన్ని పరీక్షించండి

బెంగళూరులో మారతహళ్ళి దగ్గర మేం అద్దెకుంటున్న ఇంట్లో హాలు ఫ్యాను రెక్క ఒకటి కొంచెం వంగి ఉంటుంది. దాన్ని వంచింది వాచీలను పరీక్షించే ఒక ప్లాస్టిక్ గొట్టం మూత. ఆన్‌లైన్‌లో 3 వేల లోపు కొన్నాను. డబ్బా మీద కంపెనీ పేరు లేదు, ‘6 బార్’ అన్న స్టిక్కర్ ఒక్కటే ఉంది (బార్ అంటే ఒత్తిడి కొలత, 1 బార్ సుమారు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత). నాలుగు నెలలు బాగానే పనిచేసింది. ఒక ఆదివారం సాయంత్రం మా బావమరిది వాచీ లోపల పెట్టి పంపు కొడుతున్నాను. ఒత్తిడి చూపే గేజి ముల్లు 4 దాటింది. టేబుల్ కింద పడిన ఫోను తీయడానికి వంగాను. అప్పుడే లక్ష్మీబాంబు పేలినట్టు చప్పుడైంది. తల ఎత్తేసరికి హాలంతా నీళ్ళు, సోఫా మీద ప్లాస్టిక్ ముక్కలు, తిరుగుతున్న ఫ్యాను టకటకమని కొట్టుకుంటోంది. నా ముంజేతికి ఒక ముక్క గీసుకుని రక్తం వచ్చింది, అంతే. వంగకుండా ఉంటే ఆ మూత వెళ్ళిన దారిలో నా ముఖం ఉండేది. వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చిన మా ఆవిడ ముఖం నాకు ఇంకా గుర్తుంది.

ఆ తర్వాత నేను వాచీలు బాగుచేయడం మానలేదు. కానీ ఈ పరికరం గురించి దొరికినదంతా చదివాను, తెలిసినవాళ్ళను అడిగాను. సరదాకి వాచీలు విప్పి బిగించేవాళ్ళు ఈ ఊళ్ళో మనవాళ్ళలో చాలామందే ఉన్నారు. 1961లో హెచ్‌ఎంటీ వాళ్ళు జపాన్ సిటిజన్ కంపెనీతో కలిసి వాచీల ఫ్యాక్టరీ పెట్టిన ఊరు ఇది. పక్కనే హోసూరులో టైటాన్ ఉంది. నాన్న పెట్టుకున్న వాచీ, తాతగారి వాచీ అంటూ తెచ్చి బాగుచేయమనే బంధువులకు కొదవలేదు. బ్యాటరీ మార్చాక, వెనక మూత బిగించాక ‘ఇక నీళ్ళు పోవు కదా?’ అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలనే మనం ఈ గొట్టం కొంటాం. మీరూ కొనే ఆలోచనలో ఉన్నా, ఇప్పటికే కొని అల్మరాలో పెట్టుకున్నా, ఇంకోసారి పంపు కొట్టే ముందు ఇది పూర్తిగా చదవండి.

ఆ గొట్టంలో ఏం జరుగుతుంది

ఒక పారదర్శక గొట్టం, పైన మర బిగించే మూత, మూతలోంచి పైకీ కిందికీ జరిగే కడ్డీ, దాని కొసకు వాచీ తగిలించే కొక్కెం, పక్కన చేతిపంపు, ఒక గేజి, గాలి వదిలే వాల్వు. సగం వరకు నీళ్ళు పోసి, నీళ్ళ పైన గాలిలో వాచీని వేలాడదీస్తాం. మూత బిగించి పంపు కొడితే లోపల గాలి ఒత్తిడి పెరుగుతుంది. వాచీలో ఎక్కడైనా సందు ఉంటే ఆ గాలి మెల్లగా లోపలికి దూరుతుంది. కొన్ని నిమిషాలు ఆగి కడ్డీని కిందికి నొక్కి వాచీని నీళ్ళలో ముంచి, వాల్వు కొంచెం కొంచెం వదులుతాం. బయట ఒత్తిడి తగ్గుతుంటే, లోపల దూరిన గాలి వచ్చిన సందులోంచే బయటికి వస్తూ బుడగలు వేస్తుంది. బుడగలు ఎక్కడ లేస్తే అక్కడ లీకు. సైకిల్ ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి పంచర్ వెతికినట్టే. చక్కని పద్ధతి, వాచీ మెకానిక్కులు ఎన్నో ఏళ్ళుగా నమ్ముకున్న పద్ధతి. పేరున్న కంపెనీలు తయారుచేసే గొట్టాలూ ఇదే సూత్రం మీద పనిచేస్తాయి. తేడా గొట్టం నాణ్యతలోనూ మన అలవాట్లలోనూ ఉంది.

భయపడాల్సింది గాలికి

గొట్టం పేలిన వారం చిక్‌పేట సందులో నాకు తెలిసిన ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. హిందూపురం వైపు మనిషి, నలభై ఏళ్ళుగా వాచీలే ఆయన బతుకు. పగిలిన మూత చూసి ఆయన అన్న మాట: “ఏమప్పా, వాచీలోకి నీళ్ళు పోతాయని ఇంత భయపడతావే, గాలికి భయపడవా?”

ఆ మాట లెక్క కట్టి చూస్తే తెలుస్తుంది. అర లీటరు నీటిని 6 బార్ ఒత్తిడితో నొక్కితే అది తగ్గేది సుమారు మూడు చుక్కలంత. అందుకే నీళ్ళతో నిండిన గొట్టం పగిలినా ‘చిట్’ మని ఒత్తిడి పోతుంది, తడి తప్ప ఏమీ ఉండదు. అదే అర లీటరు చోటులో 6 బార్ గాలి ఉందంటే, మామూలు గాలిని మూడున్నర లీటర్లు కుక్కి పెట్టారని అర్థం. గొట్టం పగిలిన క్షణంలో అదంతా ఒక్కసారి బయటికి దూకుతుంది. లెక్కించే పద్ధతిని బట్టి కొంచెం అటూ ఇటూ అయినా, ఆ శక్తి సుమారు 300 జౌళ్ళు. 10 కిలోల బియ్యం బస్తా ఒక అంతస్తు ఎత్తు నుంచి, అంటే 3 మీటర్ల పైనుంచి, మీ టేబుల్ మీద పడితే ఎంత దెబ్బో అంత. దానికి పదునైన ప్లాస్టిక్ ముక్కలు తోడు.

మూత సంగతి వేరే చూడాలి. గొట్టం లోపలి వెడల్పు 8 సెంటీమీటర్లు అనుకుంటే, 6 బార్ దగ్గర మూతను పైకి తోసే బలం సుమారు 300 కిలోల బరువుకు సమానం. ఒక బుల్లెట్ బండి మీద ఇద్దరు కూర్చుంటే ఎంత బరువో అంత బలాన్ని ప్లాస్టిక్‌లో కోసిన నాలుగు మరచుట్లు ఆపుతున్నాయి.

మన ఇంట్లో ప్రెషర్ కుక్కర్‌తో పోల్చి చూడండి. కుక్కర్‌లో ఒత్తిడి బయటి గాలికన్నా 1 బార్ ఎక్కువ, అంతే. అయినా దానికి విజిల్ ఉంది, విజిల్ మూసుకుపోతే కరిగిపోయే సేఫ్టీ వాల్వు ఉంది, ఐఎస్ఐ గుర్తు లేకుండా అమ్మకూడదన్న నిబంధన ఉంది, ఒళ్ళంతా గట్టి లోహం. దానికి ఆరు రెట్లు ఒత్తిడి పెడతామనే ఈ గొట్టానికి చాలాసార్లు సేఫ్టీ వాల్వే ఉండదు. కారు టైరులో గాలి సాధారణంగా 32 పీఎస్ఐ, అంటే 2.2 బార్. 6 బార్ అంటే 87 పీఎస్ఐ. దాన్ని ముఖానికి అడుగు దూరంలో పెట్టుకుని, బుడగల కోసం కళ్ళు చిట్లించి చూస్తాం. నేనూ అలాగే చూశాను.

కొనేముందు చూడాల్సినవి

సేఫ్టీ వాల్వు ఉందా అన్నది మొదటి ప్రశ్న. నిర్ణీత ఒత్తిడి దాటగానే తనంతట తాను గాలి వదిలే వాల్వు అది. చేత్తో తిప్పి వదిలేది వేరు, దాన్ని సేఫ్టీ వాల్వు అనుకోవద్దు. తయారీదారు పేరు, అసలు ఎంత ఒత్తిడికి తట్టుకునేలా చేశారో, ఎంత ఒత్తిడి దగ్గర పరీక్షించి పంపారో రాసిన కాగితం ఉండాలి. స్టిక్కర్ మీద ‘6 బార్’ అంటే వాడదగిన ఒత్తిడా, గేజి మీద చివరి గీతా అన్నది కూడా తెలియనప్పుడు ఆ అంకెకు విలువ లేదు.

మూత ఎలా పడుతుందో చూడండి. గొట్టం ప్లాస్టిక్‌లోనే మర కోసి మూతను అందులోకి తిప్పే రకం నాకు అస్సలు నచ్చదు. పైనా కిందా లోహపు పలకలు పెట్టి, వాటిని నిలువు లోహపు కడ్డీలతో బిగించే రకం మేలు. అక్కడ మూత బలాన్ని ప్లాస్టిక్ మోయదు, కడ్డీలు మోస్తాయి. దీనికో కారణం ఉంది. 8 సెంటీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న యాక్రిలిక్ (గాజులా కనిపించే పారదర్శక ప్లాస్టిక్) గొట్టం గోడ మీద 6 బార్ దగ్గర పడే సాగుడు బలం సుమారు 5 మెగాపాస్కల్స్. మంచి యాక్రిలిక్ తెగడానికి 60, 70 దాకా కావాలి. కాగితం మీద చూస్తే బోలెడంత భద్రత ఉన్నట్టే. కానీ యాక్రిలిక్ ఉక్కులాగా సాగి హెచ్చరించదు, గాజులాగా ఒక్కసారే పగులుతుంది. మరచుట్టు, రంధ్రం, జిగురు అతుకు, చిన్న గీత ఎక్కడుంటే బలమంతా అక్కడ పోగవుతుంది. నా గొట్టం కూడా మరచుట్టు మొదట్లోనే తెగింది. తర్వాత ముక్కలు పేర్చి చూస్తే ఆ అంచు మీద పాత పగులు తాలూకు తెల్లని చార కనిపించింది.

గేజి మీద పీఎస్ఐ, బార్, కేజీ పర్ సెంటీమీటర్ స్క్వేర్ ఏది రాసుందో చూసుకోండి. బార్, కేజీ దాదాపు ఒకటే. పీఎస్ఐని మాత్రం 14.5తో భాగిస్తేనే బార్ వస్తుంది. గాలి లేనప్పుడు ముల్లు సున్నా మీద నిలవకపోతే ఆ గేజిని నమ్మవద్దు. మంచి గేజి ఎస్‌పీ రోడ్డు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది, మీరు వాడే ఒత్తిడి గేజి మధ్యలో చూపించేది తీసుకోండి.

ఇక కంప్రెసర్. పంపు కొట్టే ఓపిక లేక పంచర్ షాపు కంప్రెసర్ పైపు తగిలిద్దామన్న ఆలోచన కొందరికి వస్తుంది. దయచేసి వద్దు. వాటి ట్యాంకుల్లో ఒత్తిడి 8 బార్ దాకా ఉంటుంది, ఒక్క సెకనులో గొట్టం నిండిపోతుంది, ఆపే టైమే ఉండదు. గ్యాస్ సిలిండర్లు, కార్బన్ డయాక్సైడ్ గుళికలు అసలు దగ్గరికి రానివ్వవద్దు.

కరెంటుతో నడిచే చవక టెస్టర్ అయితే మూడు పిన్నుల ప్లగ్గు, ఇంటికి 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) లేకుండా వాడకండి. నీళ్ళూ కరెంటూ ఒకే టేబుల్ మీద ఉన్నాయి కదా.

వాచీ లేకుండా మొదటి పరీక్ష

కొత్త గొట్టం ఇంటికి రాగానే అందులో వాచీ పెట్టకండి. ముందు గొట్టాన్నే పరీక్షించాలి, అదీ నీళ్ళతో. పారిశ్రామిక బాయిలర్లు, సిలిండర్లు పరీక్షించేవాళ్ళు నీళ్ళు నింపే చేస్తారు, కారణం పైన చెప్పిన మూడు చుక్కల లెక్కే.

గొట్టాన్ని అంచుదాకా నీళ్ళతో నింపండి. పక్కకు వంచి, తట్టి, లోపల గాలి బుడగ అన్నది లేకుండా చూసి మూత బిగించండి. దాన్ని బాత్‌రూమ్‌లో ఒక పెద్ద బక్కెట్‌లో నిలబెట్టి, బక్కెట్ మీద దళసరి దుప్పటి కప్పండి, పంపూ గేజీ మాత్రం బయట కనిపించాలి. పంపును చాచిన చేత్తో కొట్టండి. నీళ్ళు కుదించుకోవు కాబట్టి నాలుగైదు దెబ్బలకే ముల్లు లేస్తుంది, మెల్లగా కొట్టండి. మీరు ఇకముందు వాడబోయే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు తీసుకెళ్ళండి, స్టిక్కర్ మీది అంకె మాత్రం దాటవద్దు. నా సలహా ఇంట్లో 3 బార్ దాటవద్దని, అంటే ఈ పరీక్ష 4.5 బార్ దగ్గర. పది నిమిషాలు ఆగండి. ముల్లు దిగకూడదు, మర దగ్గర నీటి చెమ్మ రాకూడదు, ‘టిక్’ అన్న చప్పుడు వినిపించకూడదు. ఒత్తిడి వదిలి, గొట్టం తుడిచి, చీకటి గదిలో ఫోను టార్చి పక్కనుంచి వేసి చూడండి. వెండి తీగల్లాంటి సన్నని గీతలు మెరిస్తే అవి పగుళ్ళకు మొదలు. అలాంటి గొట్టం తిరిగి పంపేయాల్సిందే.

ఈ పరీక్షలో నెగ్గిన గొట్టానికి కూడా మూడు నాలుగు నెలలకోసారి ఇదే చేయండి. కింద పడితే, ఎంత చిన్నగా పడినా, ఆ రోజే చేయండి.

తుడిచే గుడ్డ దగ్గర జాగ్రత్త

నా గొట్టాన్ని చంపింది నేనే అని నా నమ్మకం. వాచీ భాగాలు కడగడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడతాను. అదే గుడ్డతో గొట్టం కూడా తుడిచేవాణ్ణి, తళతళా మెరిసేది. యాక్రిలిక్‌కు ఆల్కహాల్ పడదు. అసిటోన్, థిన్నర్, పెట్రోలు, అమ్మోనియా ఉండే అద్దాల క్లీనర్లు కూడా పడవు. బలం పడుతున్న చోట ఇవి తగిలితే ప్లాస్టిక్ లోపల వెంట్రుకల్లాంటి పగుళ్ళు పుడతాయి. పైకి గొట్టం శుభ్రంగా, కొత్తగా కనిపిస్తూనే ఉంటుంది. పాలీకార్బొనేట్ అనే ఇంకో రకం ప్లాస్టిక్ గొట్టం దెబ్బకు ఎక్కువ ఓర్చుకుంటుంది, కానీ అసిటోన్, అమ్మోనియా దాన్నీ పాడుచేస్తాయి.

కాబట్టి గోరువెచ్చని నీళ్ళు, రెండు చుక్కల సబ్బు, మెత్తని నూలు గుడ్డ, ఇవి చాలు. మరిగే నీళ్ళు పోయవద్దు, 100 డిగ్రీల దగ్గర యాక్రిలిక్ మెత్తబడిపోతుంది. మూత రబ్బరు రింగుకు సిలికాన్ గ్రీజు మాత్రమే రాయండి. పరీక్షకు బోరు నీళ్ళు వాడకండి. బెంగళూరు బోరు నీళ్ళు ఎండితే మరచుట్ల మీద, వాల్వు నోటి దగ్గర తెల్లని ఉప్పు పేరుకుంటుంది, తర్వాత మూత సరిగా కూర్చోదు. క్యాన్ నీళ్ళు పోసి, పని అయ్యాక పారబోసి, ఆరబెట్టండి. బాల్కనీ ఎండలో మాత్రం ఆరబెట్టవద్దు, నీడలో గుడ్డ కప్పి పెట్టండి.

వాచీ పెట్టి చేసే పరీక్ష

ఇంట్లో పిల్లలు ఉంటే వాళ్ళను వేరే గదిలోకి పంపి తలుపు వేయండి. ఇది మొదటి మెట్టు, ఇది చేయకుండా రెండోదానికి వెళ్ళవద్దు.

కళ్ళకు సేఫ్టీ గాగుల్స్ పెట్టుకోండి. చత్వారం కళ్ళద్దాలు ఇందుకు పనికిరావు. పాలీకార్బొనేట్‌తో చేసి, పక్కలు కూడా మూసి ఉండేవి కావాలి. దానిపైన ముఖమంతా కప్పే షీల్డు ఉంటే ఇంకా మంచిది. గొట్టానికీ మీకూ మధ్య ఒక పాలీకార్బొనేట్ పలక నిలబెట్టండి, యాక్రిలిక్ పలక కాదు. గొట్టం పైన తల ఎప్పుడూ పెట్టవద్దు, మూత ఎగిరేది పైకే. ఫ్యాను కింద కూడా పెట్టవద్దు.

బుడగలు చూడటానికి నేను ఇప్పుడు చేసే పని చెప్తాను. గొట్టం ఎదురుగా ఒక ఫోను స్టాండులో పెట్టి, ఇంకో ఫోనుకు వీడియో కాల్ చేస్తాను. రెండు మీటర్ల దూరంలో కూర్చుని తెర మీద చూస్తాను. కెమెరా జూమ్ చేస్తే కళ్ళతో చూసినదానికన్నా బుడగ స్పష్టంగా కనిపిస్తుంది. పంపు కొట్టడానికీ వాల్వు తిప్పడానికీ మాత్రమే పలక వెనక నుంచి చెయ్యి చాస్తాను.

వాచీకి బెల్టు తీసేయండి. బెల్టు సందుల్లో చిక్కుకున్న గాలి బుడగలు వేసి లేని లీకు చూపిస్తుంది. కీ తిప్పే బొడిపెను లోపలికి పూర్తిగా నొక్కండి, మర ఉన్న రకమైతే బిగించండి. గొట్టంలో నీళ్ళు సగం దాకా అని వాడుక పుస్తకాల్లో ఉంటుంది. వాచీ నీళ్ళకు తగలకుండా వేలాడే చోటు ఉంటే చాలు, మిగతాదంతా నీళ్ళతో నింపండి. గాలి చోటు సగానికి తగ్గితే అందులో దాగిన శక్తీ సగమవుతుంది. 6 బార్ బదులు 3 బార్ పెడితే ఆ శక్తి మూడో వంతుకు పడిపోతుంది. రెండూ కలిస్తే 6 బార్ దగ్గర ఉండే శక్తికి ఆరో వంతు. ఇంతకన్నా తేలిగ్గా, పైసా ఖర్చు లేకుండా దొరికే భద్రత ఇంకోటి లేదు.

‘10 బార్ అని రాసిన వాచీని 3 బార్ దగ్గర పరీక్షిస్తే ఏం తెలుస్తుంది?’ అని అడుగుతారు. చాలానే తెలుస్తుంది. ఎండిపోయిన రబ్బరు రింగు, సరిగా కూర్చోని వెనక మూత, అరిగిన బొడిపె, ఇవన్నీ తక్కువ ఒత్తిడిలోనే బయటపడతాయి. కొన్ని లీకులైతే ఎక్కువ ఒత్తిడిలో అద్దమూ రబ్బరూ బిగుసుకుపోయి దాక్కుంటాయి కూడా. వాటర్ రెసిస్టెంట్ వాచీలకు ఐఎస్ఓ 22810 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఉన్న గాలి పరీక్ష 2 బార్ దగ్గరే జరుగుతుంది. ఈత కొట్టే వాచీకి, డైవింగ్ వాచీకి పూర్తి స్థాయి పరీక్ష కావాలంటే కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి. డైవింగ్ వాచీలను ఐఎస్ఓ 6425 ప్రకారం రాసిన లోతుకన్నా 25 శాతం ఎక్కువ ఒత్తిడిలో నీళ్ళలోనే పరీక్షించాలి. అది మన హాల్లో చేసే పని కాదు.

మూత మర శుభ్రంగా తుడిచి, అడ్డంగా ఎక్కకుండా చూసి, చేత్తో చివరిదాకా బిగించండి. పానాతో బిగించవద్దు, ప్లాస్టిక్ మర అక్కడే చిట్లుతుంది. ఇక పంపు కొట్టండి. 1 బార్ దగ్గర ఆగి అర నిమిషం చూడండి, వినండి. తర్వాత 2, మళ్ళీ ఆగండి. తర్వాత 3. ముల్లు దిగుతుంటే ఇంకా పంపు కొట్టి నిలబెట్టాలని చూడకండి, మెల్లగా గాలి వదిలి రబ్బరు రింగు చూసుకోండి. ‘టిక్’ అని ఒక్క చప్పుడు వినిపించినా అక్కడితో ఆపేయండి. పంపు వదిలి గదిలోంచి బయటికి రండి. ఐదు నిమిషాలయ్యాక పలక వెనక నుంచే వాల్వు విప్పండి.

3 బార్ దగ్గర ఐదు నిమిషాలు ఆగాక కడ్డీ నొక్కి వాచీని నీళ్ళలో ముంచండి. అంచుల్లో చిక్కుకున్న బుడగలు పోవడానికి కడ్డీని కొద్దిగా కదపండి. ఇప్పుడు వాల్వును వెంట్రుక వాసి తిప్పండి. ముల్లు సున్నాకు రావడానికి రెండు నిమిషాలైనా పట్టాలి. ఇక్కడ తొందరపడితే ఇంకో ప్రమాదం ఉంది. లీకు ఉన్న వాచీ లోపల కూడా ఇప్పుడు 3 బార్ గాలి ఉంటుంది. బయట ఒత్తిడి ఒక్కసారి పడిపోతే ఆ గాలి సన్నని సందులోంచి త్వరగా రాలేక వాచీ అద్దాన్నే తోసి ఊడదీస్తుంది. ముళ్ళు వంగుతాయి, డయల్ పాడవుతుంది. తాతగారి వాచీ అయితే ఇక అంతే.

ఒకే చోటు నుంచి బుడగలు వరసగా లేస్తుంటే అది లీకు. ఒకటి రెండు వచ్చి ఆగిపోతే పట్టించుకోనక్కర్లేదు. లీకు కనిపించగానే వాల్వు మూసి, కడ్డీ పైకి లాగి వాచీని నీళ్ళలోంచి తీసేయండి. లోపలి గాలి బయటికి వస్తున్నంతసేపు నీళ్ళు లోపలికి పోవు, ఆ గాలి అయిపోయాక పోతాయి. వాచీని పైన ఉంచి మిగతా గాలి నిదానంగా వదలండి. బుడగలు బొడిపె దగ్గరా, అద్దం అంచునా, వెనక మూతదా అన్నది వీడియోలో వెనక్కి తిప్పి చూసుకోవచ్చు.

ముల్లు సున్నా చూపించినా వాల్వు పూర్తిగా తెరిచి, ‘సుయ్’ మన్న చప్పుడు పూర్తిగా ఆగాకే మూత మీద చెయ్యి వేయండి. చవక గేజి ముల్లు సున్నా దగ్గర ఇరుక్కుపోవడం నేను చూశాను. 1 బార్ మిగిలినా మూత మీద 50 కిలోల బలం ఉంటుంది.

ఇందులో పెట్టకూడనివి

హెచ్‌ఎంటీ జనతా లాంటి పాత కీ వాచీలను ఇందులో పెట్టవద్దు. అవి నీళ్ళ కోసం చేసినవి కావు, పరీక్షించడానికీ ఏమీ లేదు. స్మార్ట్‌వాచీలు కూడా వద్దు. వాటిలో గాలి ఒత్తిడి కొలిచే సెన్సర్లకు, మైకులకు పలచని పొరలు ఉంటాయి. అద్దం మీద చిన్న పగులున్న వాచీ ఏదైనా ముందు అద్దం మార్చాకే.

ఒత్తిడి లేకుండా ఒక పరీక్ష

చాలాసార్లు గొట్టం తీయకుండానే సగం జవాబు దొరుకుతుంది. ఐఎస్ఓ ప్రమాణంలో ఉన్న పరీక్షే ఇది. వాచీని 40 నుంచి 45 డిగ్రీల వెచ్చదనంలో పది ఇరవై నిమిషాలు ఉంచి, అద్దం మీద గది చల్లదనంలో ఉన్న నీటిచుక్క ఒకటి వేయాలి. నిమిషం తర్వాత తుడిచి చూడాలి. అద్దం లోపలి వైపు చుక్క ఉన్న చోట మంచులాగా మసక పడితే వాచీలో ఇప్పటికే తేమ ఉందని అర్థం. ఇంట్లో అయితే వేడినీళ్ళ గిన్నె మీద స్టీలు పళ్ళెం పెట్టి, దాని మీద వాచీ ఉంచి, పక్కన థర్మామీటరు పెట్టుకోండి, 45 దాటనివ్వకండి. తేమ కనిపించిన వాచీని గొట్టంలో పెట్టే పనే లేదు. విప్పి ఆరబెట్టి రబ్బరు రింగులు మార్చాలి. నేను ఇప్పుడు ప్రతి వాచీకి ముందు ఇదే చేస్తాను. గొట్టం వాడాల్సిన అవసరం సగానికి పైగా తగ్గింది.

దెబ్బ తగిలితే

కంట్లో ముక్క పడితే నలపకండి, గుచ్చుకున్నది లాగకండి, నీళ్ళు గట్టిగా కొట్టకండి. కంటిని నొక్కకుండా పైన ఒక పేపరు కప్పు బోర్లించి టేపు వేసి, 108కి ఫోన్ చేయండి, లేదా ఎవరినైనా తోడు తీసుకుని నేరుగా కంటి ఆసుపత్రికి వెళ్ళండి. బెంగళూరులో చామరాజపేట దగ్గర ప్రభుత్వ మింటో కంటి ఆసుపత్రి ఉంది. నొప్పి తక్కువగా ఉందని పొద్దున్న చూద్దామనుకోవద్దు. పారదర్శక ప్లాస్టిక్ ముక్క కంట్లో మామూలుగా చూస్తే కనపడదు, డాక్టరుకు ‘ఒత్తిడితో పేలిన ప్లాస్టిక్’ అని ముందే చెప్పండి.

పాత గొట్టాన్ని ఏం చేయాలి

గీతలు కనిపించినా, పసుపు రంగుకు తిరిగినా, మరచుట్టు అంచు ఊడినా ఇక ఆ గొట్టం పని అయిపోయినట్టే. జిగురు పెట్టి అతికించి వాడకండి. ఎవరికీ అమ్మకండి, ఉచితంగా కూడా ఇవ్వకండి. పాత సామాన్ల వాళ్ళకు వేసే ముందు గేజి, పంపు విప్పి తీసేయండి, గొట్టం గోడకు డ్రిల్లుతో రెండు మూడు చోట్ల రంధ్రాలు వేయండి. ఎస్‌పీ రోడ్డులో సెకండ్ హ్యాండ్ పనిముట్లు తిరగేసే కుర్రాడెవడైనా దాన్ని చూసి, బాగానే ఉందే అని కొనుక్కుపోకూడదు.